పోకర్ టోర్నమెంట్ చివర్లో స్టాక్‌ని (మీ దగ్గరున్న చిప్స్‌ని) బట్టి ఎలా ఆడాలి: చిక్కంతా మధ్య స్టాక్‌దే

మీరు రాసినదాన్ని ముందు నాకు అర్థమైనట్టు చెప్తాను. గోవాలో ఒక లైవ్ పోకర్ టోర్నమెంట్‌లో 18 మంది మిగిలారు, డబ్బు 15 మందికి. మీ దగ్గర 22 బిగ్ బ్లైండ్లు (ప్రతి ఆటకీ, అంటే హ్యాండ్‌కీ, వంతుల వారీగా ఇద్దరు ముక్కలు చూడకముందే కట్టాల్సిన పందేలే స్మాల్, బిగ్ బ్లైండ్లు; చిప్స్‌ని బిగ్ బ్లైండ్లలోనే కొలుస్తాం), మీ టేబుల్ మీద రెండో పెద్ద స్టాక్ మీదే. మీరు బిగ్ బ్లైండ్‌లో ఉండగా స్మాల్ బ్లైండ్‌లో ఉన్న లీడర్ (అందరికంటే పెద్ద స్టాక్ ఉన్నవాడు) ఆల్-ఇన్, అంటే ఉన్నదంతా పందెం, అన్నాడు, మీరు ఏస్-క్వీన్ చూసి కాల్ చేశారు (అంత పందెమూ కట్టారు), 18వ స్థానంలో ఉత్త చేతులతో బయటికొచ్చారు. అంతకు ముందోసారి అక్కడే ఆరు బ్లైండ్లు పట్టుకుని ఏది వచ్చినా ఫోల్డ్ చేస్తూ (ముక్కలు పారేస్తూ) కూర్చుని, చివరికి ఖర్చులకు కూడా చాలని కనీస బహుమతి తెచ్చుకున్నారు. "ఒకసారి ధైర్యం చేసి పోగొట్టుకున్నాను, ఒకసారి భయపడి పోగొట్టుకున్నాను, ఇంతకీ ఏది కరెక్ట్?" అన్నది ప్రశ్న.

సూటిగా చెప్పాలంటే రెండూ తలకిందులుగా చేశారు. ఏస్-క్వీన్ ఫోల్డ్ చేయాల్సింది, స్టాక్ ఆరు బ్లైండ్లయ్యేదాకా ఆగకుండా పదీ పన్నెండు ఉన్నప్పుడే ఆల్-ఇన్ కొట్టాల్సింది. మీ దగ్గర ఎన్ని చిప్స్ ఉన్నాయన్నది సగం ప్రశ్నే. మిమ్మల్ని ఒక్క హ్యాండ్‌లో బయటికి పంపగలిగే స్టాక్ ఎవరి దగ్గరుంది, మీకంటే ముందు పోవాల్సినవాళ్ళు ఎంతమంది ఉన్నారు అన్నది మిగతా సగం. చివర్లో అందరికంటే ఇరుకున పడేది చిన్న స్టాక్ కాదు, మధ్య స్టాక్, అంటే పైన లీడర్, కింద చిన్నవాళ్ళు ఉన్నవాడు. మీరు 22తో అక్కడే ఉన్నారు.

నా సంగతి ఒక ముక్కలో: కాలిఫోర్నియాలో ఉద్యోగం, పదకొండేళ్ళుగా వారాంతాల్లో ఇక్కడి కార్డ్ రూముల్లో, ఏటా ఎండాకాలం ఒక వారం వేగాస్‌లో ఆడతాను. ప్రొఫెషనల్‌ని కాను. లాభంలోనే ఉన్నాను కానీ ఇల్లు కొనేంత కాదు, మా ఆవిడని అడిగితే అది కూడా ఒప్పుకోదు.

మనలో చాలామందికి ఇది రమ్మీతో చెప్తే టక్కున అర్థమవుతుంది. 101 పూల్ ఆడినవాళ్ళకి తెలుసు, 81కి చేరినవాడు కంపల్సరీ. డ్రాప్ చేస్తే 20 పడి అవుట్ కాబట్టి ఏ ముక్కలు వచ్చినా ఆడాల్సిందే. ఒక రకంగా వాడికి టెన్షన్ లేదు, ఆలోచించడానికి ఏమీ మిగల్లేదు. 10 పాయింట్లలో ఉన్నవాడు ఒక ఫుల్ కౌంట్ పడినా బతుకుతాడు. నలిగిపోయేది 62లో ఉన్నవాడు. ఒక్క డ్రాప్ చేస్తే 82కి వెళ్ళి కంపల్సరీ అవుతాడు, మిడిల్ డ్రాప్ అంటే 102, లేచిపోవాలి. సంక్రాంతికి మా పెద్దమ్మ వాళ్ళింట్లో కంపల్సరీలో ఉన్న మామయ్య జోకులేస్తూ ఆడుతుంటే 60లో ఉన్న బాబాయి మొహం మాడ్చుకుని కూర్చునేవాడు. పోకర్‌లో బబుల్ దగ్గర (ఇంకొందరు పోతే మిగతావాళ్ళకి డబ్బు అన్నచోట) టేబుల్ చుట్టూ చూడండి, అవే మొహాలు కనిపిస్తాయి.

ముందు చిప్స్ లెక్క మానేసి బ్లైండ్ల లెక్క మొదలుపెట్టండి. "నా దగ్గర లక్షా ఇరవై వేలున్నాయి" అంటే ఏమీ చెప్పినట్టు కాదు. బ్లైండ్లు 5,000/10,000 అయితే అది 12. ఇప్పుడు చాలా చోట్ల బిగ్ బ్లైండ్‌లో ఉన్నవాడే అందరి తరఫున యాంటీ (బ్లైండ్లు కాక ప్రతి హ్యాండ్‌కీ వేయాల్సిన పందెం) కట్టే పద్ధతి (2018 ప్రాంతం నుంచి బాగా వ్యాపించింది), అంటే టేబుల్ ఒక చుట్టు తిరిగేసరికి మీకు రెండున్నర బ్లైండ్లు ఖర్చు (బిగ్ బ్లైండ్ ఒకటి, యాంటీ ఒకటి, స్మాల్ బ్లైండ్ అర). పన్నెండు ఉన్నవాడికి అయిదు చుట్లు కూడా రావు. లైవ్‌లో గంటకి పాతికా ముప్పై హ్యాండ్లు నడుస్తాయి, తొమ్మిది మంది టేబుల్‌లో ఒక చుట్టు ఇరవై నిమిషాలు అనుకోండి, ఈలోపు లెవెల్ మారి 6,000/12,000 అయితే మీరు ఏమీ ఆడకుండానే పన్నెండు కాస్తా పది. టేబుల్‌లో ఆరుగురే మిగిలితే బ్లైండ్ ఇంకా తొందరగా మీ ముందుకొస్తుంది, ఆ తేడా చాలామంది గమనించరు.

ఇక అసలు లెక్క. కొంచెం ఓపిక పట్టండి, ఇది ఒక్కసారి బుర్రకెక్కితే మీ ఏస్-క్వీన్ కథ దానంతటదే తేలిపోతుంది.

నలుగురు మిగిలారు, ముగ్గురికి డబ్బు: 50 వేలు, 30 వేలు, 20 వేలు. అందరి దగ్గరా సమానంగా చిప్స్, కాబట్టి ఒక్కొక్కరి వాటా విలువ 25 వేలు. ఇప్పుడు ఒకడు మీ మీద ఆల్-ఇన్ అన్నాడు, కాల్ చేసి గెలిస్తే మీ చిప్స్ రెట్టింపు. విలువ కూడా 50 వేలు అవుతుందనుకుంటాం. కాదు, దాదాపు 38,300 అవుతుంది, ఎందుకంటే మొత్తం చిప్స్ అన్నీ గెలిచినా వచ్చేది 50 వేలే, సగం చిప్స్‌కి అంత విలువ రాదు. ఓడితే పోయేది మాత్రం మొత్తం 25 వేలు. అంటే కాల్ చేయాలంటే గెలిచే అవకాశం 65 శాతం ఉండాలి. (బ్లైండ్లలో ముందే పడ్డ చిప్స్‌ని ఇక్కడ పక్కన పెట్టాను, వాటితో ఇది కాస్త తగ్గుతుంది.) ఎదుటివాడు ముక్కలు చూడకుండా కొడుతున్నాడని తెలిసినా సరే, ఏస్-కింగ్‌కి ఏదో ఒక హ్యాండ్ మీద ఉండే బలం సుమారు 65 శాతం, అంటే సరిగ్గా అంచు మీద. ఏడ్ల జతకి 66, కాల్ చేయొచ్చు. ఆర్ల జతకి 63, ఫోల్డ్. గుడ్డిగా కొడుతున్నవాడి మీద!

ఇప్పుడు స్టాకులు సమానంగా లేవనుకుందాం, మనకి కావాల్సింది అదే. మొత్తం చిప్స్‌లో మొదటివాడి దగ్గర 40 శాతం, రెండోవాడి దగ్గర 30, మూడోవాడి దగ్గర 25, నాలుగోవాడి దగ్గర 5. బహుమతులు అవే. మొదటివాడి వాటా విలువ సుమారు 34,250. చిప్స్ 40 శాతం ఉన్నా డబ్బులో 34 శాతమే. నాలుగోవాడిది 7,200, అంటే 5 శాతం చిప్స్‌తో 7 శాతం డబ్బు. రెండోవాడిది 30,470.

మొదటివాడు రెండోవాడి మీద ఆల్-ఇన్ అన్నాడు. రెండోవాడు కాల్ చేసి గెలిస్తే అతని విలువ 40,740కి చేరుతుంది. గెలిస్తే వచ్చేది పదివేల చిల్లర, ఓడితే పోయేది ముప్పై వేల పైన. అతనికి కావాల్సింది 75 శాతం. గుడ్డిగా కొట్టేవాడి మీద కూడా పదుల జత అయితేనే అంచున సరిపోతుంది, తొమ్మిదుల జత ఫోల్డ్. అదే పరిస్థితిలో 5 శాతం చిప్స్ ఉన్న నాలుగోవాడు లీడర్‌ని కాల్ చేయాలంటే? 56 శాతం చాలు.

ఒకే టేబుల్, ఒకే లీడర్, ఒకే ఆల్-ఇన్. రెండో స్థానంలో ఉన్నవాడికి 75, ఆఖరివాడికి 56. రెండోవాడు అంత భయపడాల్సి రావడానికి కారణం లీడర్ ఒక్కడే కాదు, ఆ మూల 5 శాతంతో కూర్చున్నవాడు కూడా. ఇంకో పది నిమిషాల్లో వాడు పోతే మిగతా ముగ్గురికీ డబ్బు ఖాయం, అలాంటప్పుడు వాడికంటే ముందు మీరెందుకు లేవాలి?

ఈ లెక్కనే ఐసీఎం (ఇండిపెండెంట్ చిప్ మోడల్) అంటారు. దీని మూలం గుర్రప్పందేల్లో ఉందంటే నమ్ముతారా? ఏ గుర్రం ఏ స్థానంలో వస్తుందో అంచనా వేయడానికి 1973లో హార్విల్ అనే ఆయన రాసిన సూత్రం, 1987లో మేసన్ మాల్ముత్ అనే పోకర్ రచయిత పోకర్‌కి విడిగా అదే లెక్క కట్టాడు. దీనికి లోపాలున్నాయి: వచ్చే హ్యాండ్‌లో మీకు బిగ్ బ్లైండ్ పడబోతోందా, ఎవడు బాగా ఆడతాడు, ఎవడు బటన్ మీద (పంచేవాడి స్థానంలో) ఉన్నాడు, ఇవేవీ దానికి తెలియవు. మూడు బ్లైండ్లు మిగిలి, తర్వాతి హ్యాండ్‌లో బ్లైండ్ పడేవాడి విలువని అది ఎక్కువ చేసి చూపిస్తుంది. అయినా దిశ మాత్రం సరిగ్గానే చూపిస్తుంది.

మీ ఏస్-క్వీన్‌కి వద్దాం. చిప్స్ లెక్క ఒక్కటే చూస్తే, బ్లైండ్, యాంటీ పోను మీ దగ్గర 20 మిగిలాయి, మధ్యలో 23 ఉన్నాయి, అంటే 47 శాతం ఉంటే చాలు, కళ్ళు మూసుకుని కాల్. మీరు చేసిన లెక్క అదే అయ్యుంటుంది. కానీ ఇంకో ముగ్గురు పోతే డబ్బు అన్నచోట, మీకంటే చిన్నవాళ్ళు అంతమంది ఉండగా, నా అంచనాలో 55 పైన, బహుశా 60 దాకా కావాలి. లీడర్ ఏది పడితే అది కొట్టే రకం అయితే ఏస్-క్వీన్‌కి 64 దాకా ఉంటుంది, అప్పుడు కాల్ తప్పు అనను. కానీ మీరే రాశారు, గంట నుంచి అతను ఒక్క ఆల్-ఇన్ కూడా కొట్టలేదని. అలాంటివాడు 22 బ్లైండ్లు తోశాడంటే ఏదో జత, లేదా ఏస్ ఉన్నట్టే, మీ ఏస్-క్వీన్ యాభై చుట్టుపక్కలకి పడిపోతుంది. ఫోల్డ్ చేస్తే ఇంకా 20 ఉంటాయి, ఇంకా టేబుల్‌లో పెద్దవాళ్ళలోనే ఉంటారు.

అదే ఏస్-క్వీన్ మీ చేతిలో ఉండి, మీరే ముందు ఆల్-ఇన్ కొడితే కథ వేరు. తోయడం వేరు, కాల్ చేయడం వేరు. తోసినప్పుడు ఎదుటివాడు ఫోల్డ్ చేసి కూడా మీరు గెలవొచ్చు, కాల్‌కి ఆ రెండో దారి లేదు. 15 నుంచి 22 బ్లైండ్ల మధ్య ఉన్నప్పుడు అందుకే నాకు ఇష్టమైన పని, చివరి సీట్ల నుంచి ఎవరైనా రెండు బ్లైండ్లకి రెయిజ్ చేస్తే (పందెం పెంచితే) దాని మీద మొత్తం తోయడం. అయితే ఎవరి మీద అన్నది చూసుకోవాలి: మీకంటే కొంచెం తక్కువ చిప్స్ ఉన్న మధ్యవాడి మీద, ఎందుకంటే 75 శాతం బాధ ఇప్పుడు అతనిది.

ఇక్కడ నా చెంపదెబ్బ ఒకటి చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం వేగాస్‌లో 600 డాలర్ల టోర్నమెంట్, 11 మంది మిగిలాం, నేను మూడోవాణ్ణి. నాకు జాక్‌ల జత. రెయిజ్ చేశాను, ఎదురుగా ఉన్న పెద్దాయన ఆల్-ఇన్. నా కంటికి ఆయన స్టాక్ నాకంటే చిన్నదిగా కనిపించింది, ఓడినా ఏదో మిగులుతుంది కదా అని వెంటనే కాల్ అనేశాను. ఆయన రాణుల జత తిప్పాడు. బోర్డు మీద (టేబుల్ మధ్యలో పరిచే ముక్కల్లో) నాకు ఏమీ రాలేదు. డీలర్ చిప్స్‌ని ఇరవై ఇరవైగా దొంతర్లు కట్టి పక్కపక్కన పెట్టి పోలుస్తుంటే చూస్తున్నాను, ఆయనవి నాకంటే మూడు చిప్స్ ఎక్కువ. మూడంటే మూడు, పెద్దవి. పెద్ద విలువ చిప్స్ కనబడేలా ముందు పెట్టాలన్నది రూలు, ఆయన పెట్టాడు కూడా, చూడనిది నేను. ఆల్-ఇన్ ఎదురైనప్పుడు "కౌంట్ ప్లీజ్" అంటే డీలర్ లెక్కపెట్టి చెప్తాడు, పైసా ఖర్చు లేదు. ఆ తర్వాత గంటలో ముగ్గురు చిన్న స్టాకులవాళ్ళు పోయారని బయట సోఫాలో కూర్చుని తెలుసుకున్నాను. ఎనిమిదో స్థానానికి ఇచ్చినదాంట్లో సగం కంటే కొంచెం ఎక్కువ వచ్చింది నాకు. జాక్‌లతో ఫోల్డ్ చేయాల్సిందా అంటే ఇప్పటికీ ఖచ్చితంగా చెప్పలేను, కానీ లెక్క అడగకుండా నోరు తెరవకూడదన్నది మాత్రం ఖాయం.

చిన్న స్టాక్ సంగతి. మీరు ఆరు బ్లైండ్లతో ఎందుకు కూర్చున్నారో నాకు తెలుసు, "మంచి హ్యాండ్ వచ్చినప్పుడు కొడదాం" అని. ఈలోపు మీ ఆల్-ఇన్‌కి పదును పోతుంది. పది బ్లైండ్లు తోశారనుకోండి, బిగ్ బ్లైండ్‌లో ఉన్నవాడు ఇంకో 9 పెట్టి మధ్యలో ఉన్న 12.5 కోసం ఆడాలి, అతనికి 42 శాతం కావాలి, చాలా హ్యాండ్లు పారేస్తాడు. నాలుగే తోస్తే? ఇంకో 3 పెట్టి 6.5 కోసం. 32 శాతం చాలు, ఎడంచేత్తో కాల్ చేస్తాడు. పది ఉన్నప్పుడు ఎవరూ కాల్ చేయకపోతే రెండున్నర వస్తాయి, అంటే మీ స్టాక్ పాతిక శాతం పెరిగినట్టు, ముక్కలు చూపించకుండానే. ఎనిమిది కంటే కిందికి జారనివ్వకండి. బటన్ మీదో దాని పక్కనో ఉండి, మీ దాకా అందరూ ఫోల్డ్ చేస్తే, పది బ్లైండ్లతో ఏ ఏస్ అయినా, ఏ జత అయినా, కింగ్-నైన్ లాంటివి కూడా తోయొచ్చు.

1982లో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్ గెలిచిన జాక్ స్ట్రాస్ ఒకే ఒక్క చిప్ మిగిలిన దగ్గర్నుంచి లేచి గెలిచాడని కథ చెప్పుకుంటారు. దాన్ని విని ఓపిగ్గా కూర్చుంటే చాలనుకునేవాళ్ళని ఎంతమందినో చూశాను. కూర్చుంటే చిప్స్ పిల్లలు పెట్టవండీ.

మినహాయింపు ఒకటుంది, పెద్దదే. మీకు ఐదు ఉండి, ఇంకో ఇద్దరికి ఒకటీ రెండే ఉండి, వాళ్ళకి మీకంటే ముందే బ్లైండ్ పడబోతుంటే, హాయిగా ఫోల్డ్ చేసి నీళ్ళు తాగండి. బబుల్‌లో హ్యాండ్-ఫర్-హ్యాండ్ (అన్ని టేబుళ్ళూ ఒక్కో హ్యాండ్ ఒకేసారి ఆడటం) మొదలయ్యాక పక్క టేబుల్ స్టాకులు కూడా లేచి చూసి రండి, ఎవరూ ఏమీ అనరు, మీ హ్యాండ్ టైముకి సీట్లో ఉంటే చాలు. శాటిలైట్లలో (పెద్ద టోర్నమెంట్‌కి టికెట్ బహుమతిగా ఇచ్చే టోర్నమెంట్లలో) అయితే ఇది ఇంకా విపరీతం: పది మందికి ఒకే రకం టికెట్ ఇస్తున్నప్పుడు, మీకు టికెట్ దాదాపు ఖాయమైతే ఏస్‌ల జత కూడా పారేయాల్సిన సందర్భాలు నిజంగా ఉంటాయి.

పెద్ద స్టాక్ గురించి తక్కువే చెప్తాను, ఎందుకంటే తప్పు ఎక్కడ జరుగుతుందో మా తోడల్లుణ్ణి చూస్తే చాలు. అతను లీడర్ అయ్యాడంటే దానకర్ణుడైపోతాడు, "నాకేంటి, ఉన్నాయిగా" అంటూ చిన్నవాళ్ళ ప్రతి ఆల్-ఇన్‌నీ కాల్ చేసి ఒక్క రాత్రిలో ముగ్గుర్ని రెట్టింపు చేసి పంపించాడు. నిజానికి ఆ చిన్నవాళ్ళు బతికి ఉండటమే లీడర్‌కి లాభం, వాళ్ళున్నంతసేపూ మధ్యవాళ్ళు వణుకుతూ ఫోల్డ్ చేస్తారు. కొట్టాల్సింది ఆ మధ్యవాళ్ళని, రెండు బ్లైండ్ల చిన్న చిన్న రెయిజ్‌లతో, మళ్ళీ మళ్ళీ. చిన్నవాడికి ఫోల్డ్ చేసే దారి లేదు, వాణ్ణి బెదిరించి లాభం లేదు. ఇంకో పెద్ద స్టాక్ ఉంటే అతని జోలికి బలమైన హ్యాండ్ లేకుండా వెళ్ళొద్దు. ఇంకోటి, మీ దగ్గర 80 ఉన్నా ఎదుటివాడికి 12 ఉంటే ఆ హ్యాండ్‌లో మీకున్నవి కూడా 12 అన్నట్టే ఆడాలి.

ఇదంతా ఎదుటివాళ్ళకి కూడా భయం తెలుసనుకుంటేనే. ముక్కలు అందమైతే చాలు కాల్ చేసేవాడు ప్రతి టేబుల్‌లో ఒకడుంటాడు, అతని మీద ఒత్తిడి పనిచేయదు, మంచి హ్యాండ్‌తో ఎదురుచూడటమే. బౌంటీ టోర్నమెంట్ అయితే ఒకణ్ణి పంపించినందుకు వెంటనే డబ్బు వస్తుంది కాబట్టి పై 65, 75 లెక్కలు కిందికి దిగుతాయి. ఇద్దరే మిగిలాక అయితే రెండో బహుమతి ఎలాగూ ఖాయం, ఇక చిప్స్ లెక్కే డబ్బు లెక్క, భయం పక్కన పెట్టి ఆడండి.

ప్రాక్టీస్ ఎక్కడ చేయాలి అని చివర్లో అడిగారు. డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటలు తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రాలో 2020 నుంచి నిషేధం, 2025లో కేంద్ర చట్టంతో దేశమంతా అదే పరిస్థితి, కాబట్టి ఆ దారులు వెతకొద్దు. ఐసీఎం లెక్క వేసే ఉచిత కాలిక్యులేటర్లు ఉన్నాయి, అందులో స్టాకులు, బహుమతులు కొట్టి మీరు ఆడిన హ్యాండ్లనే మళ్ళీ చూసుకోండి, నేను ఇప్పటికీ టోర్నమెంట్ నుంచి వచ్చిన రాత్రి అదే చేస్తాను.

ఆ రోజు మీ టేబుల్ మీద మిగతావాళ్ళ స్టాకులు, 15వ స్థానం నుంచి మొదటి స్థానం దాకా బహుమతులు గుర్తుంటే కింద రాయండి. ఆ 55కీ 60కీ మధ్య అసలు అంకె ఎంతో లెక్కేసి చెప్తాను.